వన్స్ మోర్ పడని పద్యం

మా వీధిలోకి వారానికోసారి మోపెడ్ మీద ఒకతను వస్తాడు. బండి ముందు చిన్న మైకు కట్టి ఉంటుంది. ఊడిన వెంట్రుకలు కొంటాం, స్టీలు సామాన్లు ఇస్తాం అని ముందే రికార్డు చేసిన గొంతు అదే పనిగా తిరుగుతుంటుంది. అతను నోరు విప్పాల్సిన పని కూడా లేదు. మొన్న మా పాపకు తల దువ్వుతుండగా వచ్చాడు. దువ్వెనకు చిక్కిన వెంట్రుకలు వేలికి చుట్టుకుని, "మమ్మీ, ఇచ్చొస్తా" అని పాప లేవబోయింది. "ఇయ్యొద్దు" అన్నాను. అంత గట్టిగా ఎందుకన్నానో నాకే తెలియలేదు. పిల్ల బిత్తరపోయి చూసింది.

ఆ పూటంతా అమ్మమ్మ నా వెంటే తిరిగింది. అమ్మమ్మ వస్తే ఆమె వెనకాల తాత రాక తప్పదు. వాళ్లిద్దరూ మనసులో దిగారంటే నాకు వేరే ధ్యాస ఉండదు. పప్పు మాడింది. మా ఆయన మాట్లాడకుండా తిని లేచాడు. ఏమన్నా అని ఉంటే నేనూ ఊరుకునేదాన్ని కాదు.

అమ్మమ్మకు మోకాళ్ల దాకా జుట్టు. కుంకుడుకాయల రసంతో తలంటుకుని ఎండలో కూర్చుని దువ్వుకునేది. ఊడిన ప్రతి వెంట్రుకనూ చుట్ట చుట్టి, చూరులో దోపిన గుడ్డ సంచిలో దాచేది. సవరాలవాళ్లు ఊళ్లోకొచ్చి దువ్వెనలు, పిన్నీసులు, రంగురంగుల గాజులు చూపించి ఆ సంచి అడిగేవాళ్లు. "ఇయ్యి అమ్మేటియి గావు. మా ఇంటాయన జడకు" అనేది. కొత్తవాడైతే ఆ మాటకు నోరు తెరిచేవాడు. ఊళ్లోవాళ్లు నవ్వుకునేవాళ్లు. మా తాత నాటకాల్లో ఆడవేషం వేసేవాడు. ఆయన తలకు కట్టుకునే సవరం అమ్మమ్మ వెంట్రుకలతో అల్లించిందే.

మేముండేది పాల్వంచలో, కంపెనీ క్వార్టర్లలో. నాన్నవి షిఫ్టు డ్యూటీలు. ఆరేసిన బట్టల మీద కంపెనీ పొగగొట్టాల బూడిద పడుతోందని అమ్మ రోజూ ఎవరో ఒకరిని తిట్టేది. ఎవరూ దొరక్కపోతే నేనుండనే ఉన్నాను. సెలవులు ఇచ్చీ ఇవ్వగానే నన్ను బస్సెక్కించి అమ్మమ్మ ఊరికి తోలేవాళ్లు. ఆ ఊరు పర్ణశాల పోయే దారిలో ఉంటుంది. బస్సు దిగి అడవి పక్కనే నడుచుకుంటూ పోవాలి. వాకిళ్లలో ఎండబోసిన ఇప్పపువ్వు వాసన దూరం నుంచే తగిలేది. తియ్యటి వాసన, కొంచెం పులిసినట్టు. అది తగలగానే స్కూలు, లెక్కల టీచరు, బెత్తం అన్నీ మరిచిపోయేదాన్ని. పొద్దున జొన్నగటక, మధ్యాహ్నం చింతచిగురులో ఎండురొయ్యలు, సాయంత్రం మొర్రిపండ్లు. రాత్రికి కడుపునొప్పి. "తిన్నంతసేపు తెల్వదు, ఇప్పుడేడుస్తది" అంటూ అమ్మమ్మ వాము నలిపి నోట్లో పోసేది.

నాటకాల కాలం కూడా అదే. మిర్చి, వడ్లు ఇళ్లకు చేరాక, బీడీలకు పోయే తునికాకు కోత మొదలయ్యేలోపు ఆ చుట్టుపక్కల ఏదో ఒక ఊళ్లో నాటకం ఉండేది. ఎన్ని నాటకాలు ఆడినా జనం అడిగేది ఒకటే. పడవ నడిపేవాడి కొడుక్కీ, అవతలి ఒడ్డున ఉండే దొర బిడ్డకూ మధ్య ప్రేమ కథ. వరదలోనైనా వస్తానని వాడు మాటిస్తాడు. వస్తాడు, కానీ ప్రాణం నడి ఏట్లోనే పోతుంది. ఒడ్డుకు కొట్టుకొచ్చిన వాడి తల ఒళ్లో పెట్టుకుని ఆమె ఒక పద్యం పాడుతుంది. అందులో ఏటిని తిట్టదు, కన్నతండ్రిని తిట్టదు. నీకు చెప్పాల్సిన మాట ఒకటి మిగిలిపోయింది, లేచి అది విని మళ్లీ పడుకో అంటుంది. ఆ మాట ఏమిటో చెప్పదు. అదైపోగానే ఆమె కూడా ఏట్లోకి నడిచిపోతుంది. ఆ ఒక్క పద్యం కోసం జనం తెల్లవార్లూ చాపల మీద కూర్చునేవాళ్లు.

దొర బిడ్డ మా తాత. పడవవాడి కొడుకు పక్క ఊరి తాపీమేస్త్రీ. వారమంతా గోడలు కట్టి, ఆదివారం చర్చిలో పాటలెత్తేవాడు. ఇద్దరూ పెళ్లిళ్లు కాకముందు నుంచీ జంట. నేను ఆయన్ని దోస్తు తాత అనేదాన్ని. ఆయన సైకిలు గంట వినబడగానే అమ్మమ్మ పొయ్యి దగ్గర నుంచే, "అగో, నీ మొగడొచ్చిండు, ఎదురుపో" అనేది. తాతకు కోపం రాదు. లేని కొంగు సర్దుకుని, తల వంచుకుని వాకిట్లోకి పోయేవాడు. దోస్తు తాత మాత్రం సిగ్గుపడేవాడు. "మీ ఇంటికొస్తే పరువుండది వదినా" అంటూనే అమ్మమ్మ పెట్టిన గటక రెండుసార్లు పోయించుకునేవాడు.

ఆ ఊళ్లలో ఒక పద్ధతి ఉండేది. పద్యం చివర రాగం తీసి, పాడినవాడు ఆగుతాడు. ఊపిరి కోసం కాదు, జనం కోసం. జనంలోంచి "వన్స్ మోర్" అని లేస్తే హార్మోనియం మళ్లీ మొదటి నుంచి ఎత్తుకుంటుంది. మళ్లీ లేస్తే మళ్లీ పాడాలి. మా తాత పద్యానికి ఎన్నిసార్లు పడేదో లెక్కలేదు. అంతసేపూ దోస్తు తాత చచ్చిపడి ఉండాలి. దోమలు కుట్టినా కదలకూడదు. మేము పిల్లలం తక్కువవాళ్లమా? స్టేజీ పక్కన నక్కి, గడ్డిపోచతో ఆయన అరికాలు గీకేవాళ్లం. పడవవాడి కొడుకు బొటనవేలు వంకర తిరిగేది. తాత పద్యం ఆపకుండానే కొంగు ఆ కాలి మీద కప్పేవాడు. ముందు వరసలో ఆడవాళ్లు అది కూడా ప్రేమే అనుకుని ముక్కు చీదేవాళ్లు.

వన్స్ మోర్ పడకపోతే మాత్రం సంగతి వేరు. ఇక రంగు కడుక్కో, నీ గొంతు అయిపోయింది అని ఎవరూ నోటితో చెప్పరు. జనం ఊరుకున్నారంటే చెప్పినట్టే. వచ్చే ఏడాది ఆ వేషం ఇంకొకరికి పోతుంది. పేరున్నవాళ్లు కూడా అట్లా ఒక్క రాత్రిలో దిగిపోయారని తాత చెప్పేవాడు. ఒకసారి ఒక ఊరి పెద్దమనిషి, పొద్దున్నే పొలం పనులున్నాయి, ఎవరూ వన్స్ మోర్ అనొద్దని చాటింపు వేయించాడట. పద్యం అయ్యాక అందరికన్నా ముందు అరిచింది ఆ పెద్దమనిషేనట. "జెప్తె ఆగేది గాదు బిడ్డా. మంచిగుంటె అదే వస్తది" అనేవాడు తాత. నవ్వుతూ చెప్పినా అది ఆయనకు సత్యప్రమాణం.

అమ్మమ్మ ఎప్పుడూ వన్స్ మోర్ అనలేదు. "చీరగట్టి ఏడ్సే మొగోన్ని జూసి నేను అరువాల్నా" అని మూతి తిప్పేది. కానీ ఇంట్లో తాత గొంతు సవరించుకుంటూ ఆ పద్యం పాడినప్పుడు, పొయ్యి దగ్గర చప్పుళ్లన్నీ ఆగిపోయేవి. పాట అయ్యాక లోపలి నుంచి, "ఏందో అన్నవ్, పొయ్యి ఊదుతున్న, ఇనవడలె. ఆ ఆఖరు ముక్క మళ్లొకసారి అను" అనేది. తాత మళ్లీ పాడేవాడు. పొయ్యిలో నిప్పే ఉండేది కాదు. నేను చూశాను.

అమ్మమ్మ వానాకాలంలో పోయింది. చలిజ్వరం. వాగు పొంగి బస్సులు ఆగిపోయాయి. మంచం మీద మోసుకుని వాగు దాటించి, భద్రాచలం దవాఖానాకు చేర్చేసరికి ఆలస్యమైంది. మేము పాల్వంచ నుంచి వెళ్లేసరికి తాత దవాఖానా వరండాలో కూర్చుని ఉన్నాడు. ఏడవడం లేదు. అమ్మను చూసి, "నాతోని ఏదో చెప్పబోయింది, జ్వరంల మాట తిరగలె" అన్నాడు. ఆ మాట తర్వాత చాలా రోజులు ఆయన నోటి నుంచి మంచినీళ్లు కావాలన్న మాట కూడా సరిగా రాలేదు.

ఒక్కడే ఉంటాడని అమ్మ ఆయన్ని మా క్వార్టరుకు తెచ్చుకుంది. తాతకు పాల్వంచ పడలేదు. సైరన్ మోగినప్పుడల్లా ఉలిక్కిపడేవాడు. సాయంత్రం అందరి ఇళ్లలో టీవీలు పెట్టగానే బయట అరుగు మీదికి పోయి కూర్చునేవాడు. నేను పక్కన చేరి, "తాతా, ఒక పద్యం" అంటే, "గొంతు లేదు బిడ్డా" అనేవాడు. అబద్ధమనుకున్నాను. ఒకరోజు స్నానాల గదిలో మెల్లగా ఎత్తుకుని, సగంలో ఆపేయడం విన్నాను. అప్పుడు తెలిసింది, గొంతు పోయిందని ఆయన నిజంగానే నమ్ముతున్నాడని.

మా లైన్‌లోనే ఉండే ఒక సారు కొడుకు హైదరాబాదులో నాటకాల చదువు చదివి ఆ ఏడాది తిరిగొచ్చాడు. గడ్డం, భుజానికి సంచి. అందరం డైరెక్టరన్న అనేవాళ్లం. కాలనీ కుర్రాళ్లు వెక్కిరించేవాళ్లు గాని, మనిషి మంచివాడు. తాత సంగతి ఎవరో చెబితే వెతుక్కుంటూ మా ఇంటికి వచ్చాడు. ఆ పాత నాటకాన్ని ఇప్పటి ప్రేక్షకుల కోసం కొత్తగా వేస్తానన్నాడు. రాత్రంతా కాదు, గంటన్నరలో అయిపోవాలి. కాలేజీ పిల్లలు ప్రేమికులుగా వేస్తారు. ఆఖరి సీనులో మాత్రం వాళ్లు చీకట్లోకి పోయి, వాళ్ల చోట ముసలివాళ్లుగా తాత, దోస్తు తాత వస్తారు. "ఆ ఇద్దరు బతికుంటే గింత ముసలోళ్లు అయ్యేటోళ్లు గదా అని జనానికి అనిపియ్యాలె తాతా" అన్నాడు. అమ్మ టీ గ్లాసు పట్టుకుని అట్లాగే నిలబడిపోయింది.

తాత వద్దన్నాడు. మర్నాడు దోస్తు తాత బస్సు దిగి వచ్చి, అరుగు మీద కూర్చుని తిట్టాడు. "నువ్వు ఏడ్వకుంటె నేనెట్ల సావాల్రా? ఆఖరుకు ఒక్కసారి సావనియ్యి" అన్నాడు. తాత నవ్వాడు. అమ్మమ్మ పోయాక నవ్వడం అదే మొదలు.

రిహార్సల్స్ మా వెనక క్వార్టరు ఖాళీగా ఉంటే అక్కడే జరిగాయి. అమ్మ మిర్చి బజ్జీలు వేసి పంపేది, తోవలో నేను కొన్ని తినేదాన్ని. డైరెక్టరన్నకూ తాతకూ రెండు విషయాల్లో కుదరలేదు. ఒకటి రంగు. ముఖానికి అర్దళం పొడి, కొబ్బరినూనె కలిపి పూసుకోకుండా తాత ఎన్నడూ స్టేజీ ఎక్కలేదు. డైరెక్టరన్న ముడతలు కనబడాలి, రంగు వద్దన్నాడు. తాత "రంగు లేకుంటె నేను నేనే అయిత గద సారూ. గప్పుడు నా ఏడుపు ఎవలది?" అన్నాడు. ఆ మాట డైరెక్టరన్నకు ఎంత నచ్చిందంటే, "అదే కావాలె తాతా" అని చేతులు పట్టుకున్నాడు. రంగు సంగతి తాత వదిలేశాడు. సవరం మాత్రం వదలనన్నాడు. దానికి అతను ఒప్పుకున్నాడు.

రెండోది వన్స్ మోర్. "మధ్యల ఆపుడు ఉండదు తాతా. జనం సప్పుడు చేయకుండా చూడాలె. అట్ల చూస్తేనే బాధ లోపటికి దిగుతది" అన్నాడు.

"మంచిగుంటె నువ్వు వద్దన్నా వస్తది" అన్నాడు తాత.

"రాదు తాతా, మైకులనే చెప్త."

"చెప్పు. పెద్దపెద్దోళ్లే చెప్పిండ్రు" అని తాత చాటింపు వేయించిన పెద్దమనిషి కథ చెప్పాడు. అందరూ నవ్వారు. డైరెక్టరన్న కూడా నవ్వాడు. ఎవరికి వారు గెలిచామనుకున్నారు.

నాటకం రోజు తాత నాతో ఒంటరిగా ఒక మాట అన్నాడు. అమ్మమ్మ సవరానికి కొబ్బరినూనె రాసి, ఒళ్లో పెట్టుకుని చిక్కు తీస్తున్నాడు. "ఒక్క వన్స్ మోర్ పడనీ బిడ్డా. ఎక్కువ వద్దు. పడితె నా గొంతు ఉన్నట్టు. ఊరికి పోయి మళ్ల పాడుకుంట బతుకుత. పడకుంటె మీ అమ్మమ్మతోనే పోయినట్టు." నేను తప్పకుండా పడుతుంది తాతా అన్నాను. నాకేమీ అనుమానం లేదు.

కాలనీ హాలు నిండింది. ఆఫీసర్ల కుటుంబాలు, కాలేజీ సార్లు, షిఫ్టు దిగి స్నానం చేసి వచ్చినవాళ్లు. తాత ఊరి నుంచి మాత్రం ఎవరూ రాలేదు. తునికాకు కోతలు జోరు మీదున్నాయి, తెల్లారకముందే అడవికి పోయేవాళ్లకు నాటకాలు ఎక్కడివి. తెర లేవకముందు డైరెక్టరన్న మైకు పట్టుకున్నాడు. ఇది కొత్త ప్రయోగం, ఈలలు, చప్పట్లు, వన్స్ మోర్లు దయచేసి వద్దు, సెల్ ఫోన్లు ఆపేయండి అన్నాడు. మా వరసలో సెల్ ఫోన్ ఉన్న ఒకే ఒక్కాయన, అందరికీ కనబడేట్టు దాన్ని పైకెత్తి ఆపాడు.

కాలేజీ పిల్లలు బాగానే చేశారు. నేల మీద పరిచిన నీలం గుడ్డలే ఏరు. వరద వచ్చింది, పడవ తిరగబడింది, చీకటి అయింది. మళ్లీ ఒక్క లైటు వెలిగేసరికి దోస్తు తాత ఆ గుడ్డల మీద పడి ఉన్నాడు. తెల్ల గడ్డం, బక్క కాళ్లు. తాత అమ్మమ్మ నీలి చీర కట్టుకుని, వీపున ఆ నల్లటి జడతో, కాళ్లీడ్చుకుంటూ వచ్చాడు. నవ్వుతారేమో అని భయపడ్డాను. ఎవరూ నవ్వలేదు. ఆయన కూర్చుని, దోస్తు తాత తల ఒళ్లోకి తీసుకుని, నుదుటి మీద చేయి పెట్టి చూశాడు. జ్వరం ఉందా అని చూసే తీరు అది. ఊళ్లో ఎన్నడూ అట్లా చేసేవాడు కాదు. అమ్మ నా పక్కన "అయ్యో నాయినా" అంది.

తర్వాత పద్యం ఎత్తుకున్నాడు. ఆ గొంతులో పాత బలం లేదు, నిజమే. కానీ ఆ పద్యం నేను అంతకుముందు ఎన్నడూ వినలేదనిపించింది. లేచి ఒక్క మాట విని మళ్లీ పడుకో అన్న దగ్గర ఆయన గొంతు జీర పోయింది, పోయినదాన్ని పట్టుకుని మళ్లీ పైకి తెచ్చాడు. నా ముందు వరసలో ఒక లావుపాటి ఆఫీసరు కళ్లద్దాలు తీసి చొక్కాతో తుడుచుకుంటున్నాడు. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. నాకు కళ్ల ముందు స్టేజీ అలుక్కుపోయింది.

రాగం అయిపోయింది. తాత ఆగాడు.

ఎప్పుడూ ఆగినట్టే, మెడ కొంచెం పక్కకు వంచి, జనం వైపు చెవి పెట్టి ఆగాడు. హాల్లో చప్పుడు లేదు. ఫ్యాన్ల చప్పుడు ఒక్కటే. డైరెక్టరన్న కోరుకున్న నిశ్శబ్దం దిగింది, ఎవరూ దాన్ని చెడగొట్టే ధైర్యం చేయలేదు. అరవాలని నాకు తోచకపోలేదు. నోరు తెరిచాను. ఏడుపుతో గొంతు పూడుకుపోయి గాలి తప్ప ఏమీ రాలేదు. తాత ఇంకొంచెం ఆగాడు. ఎడమ పక్కకు చూశాడు, ఊళ్లో ఆడవాళ్లు కూర్చునే పక్క అది. మళ్లీ ఎదురుగా చూశాడు. మళ్లీ ఎత్తుకుంటుందేమోనని హార్మోనియం వైపు కూడా చూశాడు. అదీ పలకలేదు.

ఆయన ముఖంలో ఏదో ఆరిపోవడం నేను చూశాను. చేతులు వెనక్కి పెట్టి, మెల్లగా సవరం ముడి విప్పాడు. నెరిసిన పొట్టి జుట్టు బయటపడింది. ఆ జడను మడిచి దోస్తు తాత ఛాతీ మీద పెట్టాడు. ఆయన తల ఒళ్లోంచి దించి జాగ్రత్తగా నేల మీద ఆనించాడు. లేచి జనానికి ఒక దండం పెట్టి, ఏట్లోకి కాక, పక్క గుమ్మంలోంచి బయటికి నడిచిపోయాడు. లైటు ఆరింది.

ఆ తర్వాత చప్పట్లు. తెర పడ్డాక, లైట్లన్నీ వేశాక, జనం లేచి నిలబడి కొట్టారు. అప్పటికి తాత హాలు వెనక పంపు దగ్గర ఉన్నాడు. రంగు లేని ముఖాన్ని రంగు ఉన్నట్టే రుద్ది రుద్ది కడుక్కుంటున్నాడు.

డైరెక్టరన్న పరుగెత్తుకొచ్చి తాతను వాటేసుకున్నాడు. అతనూ ఏడుస్తున్నాడు. "నేను రాసుకున్న ఎండింగు గాదు తాతా, నువ్వు చేసిందే ఎండింగు. జడ తీసి పెట్టినవ్ చూడు, అక్కడ అందరు కదిలిపోయిండ్రు. ఖమ్మంల పోటీలున్నయి. అక్కడ గూడ అట్లనే చేయాలె. సేమ్. అంతసేపే ఆగాలె, అట్లనే పక్కకు చూడాలె."

తాత తడి ముఖంతో అతని వంక చూశాడు. "ఏది బిడ్డా అట్లనే చేసేది?" అన్నాడు.

"ఆ ఆగుడు, ఆ జడ విప్పుడు."

తాతకు అర్థమైందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. "నువ్వు మంచి పిలగానివి" అని అతని భుజం తట్టి, అమ్మను బస్సు ఎప్పుడని అడిగాడు.

ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని, పెదాలు కదుపుతూనే ఉన్నాడు. పద్యమంతా లోపల్లోపల చదువుకుంటున్నాడని కాసేపటికి తెలిసింది. "యాడ తప్పిన బిడ్డా?" అని నన్ను అడిగాడు. ఎక్కడా తప్పలేదు తాతా, అందరం ఏడ్చాం, అందుకే ఎవరూ అరవలేదు అన్నాను. ఆయన నా తల నిమిరి, "ఏడ్సినోళ్లు నోరు మూసుకుంటరానే? మా దగ్గర ఏడ్సినోళ్లే గట్టిగ అరుస్తరు" అన్నాడు. నాన్న చెప్పాడు, అమ్మ చెప్పింది. మైకులో వద్దన్నారు గద అని ఇద్దరూ మొత్తుకున్నారు. "వద్దంటె ఆగిందంటె, అది అంతటి పద్యమే గాదన్నట్టు" అని చేయి కడుక్కున్నాడు.

మర్నాడు దోస్తు తాత, తాత కలిసి ఊరి బస్సెక్కారు. సవరం అమ్మ ట్రంకు పెట్టెలో దాచింది. ఖమ్మం నాటకానికి కావాలని డైరెక్టరన్న అడిగితే, "అడుగకురా తమ్మీ" అంది. బస్టాండులో తాత టికెట్ల కోసం పోయినప్పుడు దోస్తు తాత నాతో అన్నాడు. "వాడు దేనికి ఆగిండో నాకెర్కే బిడ్డా. లేద్దామనుకున్న. లేసి, వన్స్ మోర్ అని నేనే అరుద్దామనుకున్న. లేస్తె వాని నాటకం పాడైతదని గట్లనే పండుకున్న." ఆయన ముక్కు చీదుకుని, తాత రావడం చూసి సంచి సర్దుకున్నాడు.

తాత వేషం ఒక కాలేజీ కుర్రాడితో వేయించి డైరెక్టరన్న ఆ నాటకాన్ని ఖమ్మం తీసుకెళ్లాడు. తర్వాత ఇంకా చాలా ఊళ్లు తిరిగింది. ఆ ముగింపుకు పేరొచ్చింది. నేను కాలేజీకి వచ్చాక ఒకసారి వెళ్లి చూశాను. కుర్రాడు ఎంత బాగా చేశాడో. మెడ వంచి ఆగాడు, ఎడమ పక్కకు చూశాడు, ఎదురుగా చూశాడు, జడ విప్పి పెట్టి నడిచిపోయాడు. ఎక్కడా ఒక్క పిసరు తేడా లేదు. జనం అంతా ఊపిరి బిగబట్టి చూస్తున్నారు. మా తాత గుండె పగిలిన తీరును అంత చక్కగా నేర్చుకుని చేస్తుంటే చూడలేక, నేను మధ్యలో లేచి బయటికి వచ్చేశాను.

తాత ఊళ్లో మళ్లీ నాటకాల జోలికి పోలేదు. సెలవులకు వెళ్తే నాకు గటక తనే కాచి పెట్టేవాడు, ఉండలు కట్టేది. వాకిట్లో కూర్చుని తునికాకు కట్టలు కడుతూ వేరే కబుర్లు చెప్పేవాడు. ఆయన చనిపోయిన ఏడాది, ఎండాకాలంలో, ఆ పద్యం ఒక్కసారి పాడమని బతిమాలాను. నా ఒక్కదాని కోసం అన్నాను. ఆయన కట్ట మీద పురికొస బిగించి, పళ్లతో కొరికి తెంపాడు.

"తప్పు యాడుందో దొరికింది బిడ్డా" అన్నాడు. "రంగు లేదు గద. దొర బిడ్డ ఏడ్వాల్సిన కాడ నేనేడ్సిన. మీ అమ్మమ్మ కోసం ఏడ్సిన. సొంత ఏడుపు పడితె పద్యం ఇరుగుతది. మాకు నాటకం నేర్పిన పంతులు మొదటి రోజే చెప్పిండు. ఇగ ఎత్తుకుంటె మీ అమ్మమ్మనే వస్తది, పద్యం రాదు."

"విరగలేదు తాతా. అంతకన్న బాగ నువ్వు ఎప్పుడు పాడలే. నీకెవరు చెప్పిండ్రు విరిగిందని?"

"జనం జెప్పిండ్రు గద" అన్నాడు, కొత్త కట్టకు ఆకులు సర్దుతూ.

ఆరోజు సాయంత్రం దాకా ఆయన పక్కనే కూర్చుని ఆకులు అందించాను. హాల్లో ఎవరెవరు ఎట్లా ఏడ్చారో మళ్లీ మొదటి నుంచి చెప్పాను. కళ్లద్దాలు తుడుచుకున్న ఆఫీసరు సంగతి, కొంగు నోట్లో కుక్కుకున్న అమ్మ సంగతి, అరవబోయి అరవలేకపోయిన నా సంగతి. తాత అన్నీ విన్నాడు. మనవరాలు తన మనసు నొప్పించకూడదని అల్లి చెబుతోందనుకుని, మధ్యమధ్యలో "అవ్, అవ్" అన్నాడు. నమ్మకుండానే పోయాడు.